ఉన్న సప్పుడు ఎటు పోతుంది

కంప్యూటర్లో శబ్దం ఆగిపోయిన రోజు తనూజ ముందుగా అనుమానించింది వైర్లనే. బల్ల వెనక్కి వంగి, దుమ్ము తుడిచి, స్పీకర్ల పిన్ను ఊడదీసి మళ్లీ గట్టిగా నొక్కింది. స్పీకర్ మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. తెర మీద వీడియోలో తన బొమ్మ నోరు మెదుపుతోంది, చాక్‌పీసు పట్టుకుని బోర్డు వైపు తిరుగుతోంది, చెయ్యి ఊపుతోంది. మాట మాత్రం బయటికి రావడం లేదు.

అది మామూలు వీడియో అయితే ఆమె అంత కంగారుపడేది కాదు. జనగామలో ఒక ప్రైవేటు బడివాళ్లు జూన్ నుంచి బయాలజీ టీచరు కావాలని ప్రకటన ఇచ్చారు. ముందుగా పది నిమిషాల పాఠం వీడియో తీసి పంపాలి. పల్లెల నుంచి వచ్చే పిల్లలకు తెలుగులో విప్పి చెప్పగలరో లేదో చూస్తామని రాశారు. గడువు శనివారం. తనూజ ఎమ్మెస్సీ బాటనీ చదివింది, బీఈడీ చేసింది, పెళ్లికి ముందు మహబూబాబాద్‌లో రెండేళ్లు పాఠాలు చెప్పింది. నర్మెట్టకు కోడలిగా వచ్చి పదకొండేళ్లయింది. కూతురు రుచిత ఎండాకాలం సెలవులకు తరిగొప్పులలో అమ్మమ్మ ఇంటికి వెళ్లింది కాబట్టి, ఇల్లు సద్దుమణిగి ఉన్నప్పుడే ఈ పని ముగించాలని ఆమె ఆరాటం. ఫోనుతో ఒకే పాఠాన్ని ఏడుసార్లు తీసి కంప్యూటర్లోకి ఎక్కించింది. వాటిలో బాగున్నదాన్ని ఎంచుకుని, మొదలూ చివరా కత్తిరించి పంపాలి. ఇంతలో ఇది.

ఈ సంగతి ఇంట్లో భర్త రాజీవ్‌కు తప్ప ఎవరికీ తెలియదు. చెప్పకపోవడానికి కారణముంది. పోయిన ఎండాకాలం ఒకరోజు చింతపండు గింజలు తీస్తూ, ధైర్యం చేసి మామ చంద్రమౌళిని అడిగింది, బడికి పనికి పోవాల్నా అని. ఆయన తల కూడా ఎత్తకుండా "వద్దు, ఇప్పుడొద్దు" అన్నాడు. రెండుసార్లు సర్పంచిగా చేసిన మనిషి. ఇంట్లో ఎవరి మీదా గొంతు పెంచడు, కానీ ఆయన కాదన్నదాన్ని రెండోసారి అడిగే అలవాటు ఆ ఇంట్లో లేదు. తనూజ కూడా అడగలేదు. ఆ ఏడాదంతా ఆయనకు అన్నం వడ్డించింది, వేళకు మందులిచ్చింది, అవసరమైనంత వరకే మాట్లాడింది.

ఆయనకు చెవులు మందగించాయని ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన ఒక్కడే ఒప్పుకోడు. ఉగాదికి ముందు రాజీవ్ బలవంతంగా హనుమకొండ తీసుకెళ్లి చెవి మిషిన్లు ఇప్పించాడు. రెండు రోజులు పెట్టుకుని ఒక పెళ్లికి వెళ్లొచ్చాడు. గిన్నెల మోత, జనరేటర్ రొద, బ్యాండు, అన్నీ కలిసి తలలోకి దిగాయట. పైగా ఎవరో "గదేంది సర్పంచ్ సాబ్, చెవి ఎనక?" అని అడిగారట. ఇంటికొచ్చి వాటిని డబ్బాలో పెట్టి బీరువాలోకి తోసేశాడు. "నా చెవులకేమైంది? మంచిగనే ఉన్నయ్. ఇగ పెట్టుకోను, ఒట్టు" అన్నాడు.

కంప్యూటర్ మూగబోయిన ఆ మంగళవారం తనూజ భూపాలపల్లికి ఫోన్ చేసింది. రాజీవ్ అక్కడ బొగ్గుగని ఆఫీసులో పనిచేస్తాడు. శనివారం రాత్రి వస్తాడు, సోమవారం పొద్దున్నే వెళ్తాడు.

"బంద్ చేసి మళ్ల చాలు చేసినవా?" అన్నాడు.

"మూడుసార్లు చేసిన."

"వాల్యూమ్?"

"నిండుగున్నది. ఇంకోటి, వీడియో పెడితె వాల్యూమ్ పక్కన గా పచ్చగీతలు ఎగుర్తనే ఉన్నయ్. అంటె లోపల సప్పుడు ఉన్నట్టే గద? మరి ఉన్న సప్పుడు ఎటు పోతుంది?"

"సౌండ్ డ్రైవర్ ఖరాబైందేమో. నేను శనివారం వచ్చి చూస్త."

"శనివారమే ఆఖరి తారీకు."

"అయితె జితేందర్ దగ్గరికి తీస్కపో. జనగామల, బస్టాండ్ ఎనక."

మర్నాడు పొద్దున్నే ఆమె సీపీయూను బియ్యం సంచిలో పెట్టి, ఒడిలో పెట్టుకుని బస్సులో జనగామ వెళ్లింది. జితేందర్ దుకాణం ఇరుకుగా ఉంది, కానీ మనిషి నెమ్మదస్తుడు. పెట్టె తెరిచి దుమ్ము ఊది, తన స్పీకర్లు తగిలించి, అందులో ఉన్న మొదటి వీడియో నొక్కాడు. "పిల్లలూ, ఈ రోజు మనం ఆకుల గురించి తెలుసుకుందాం" అని తనూజ గొంతు దుకాణమంతా మోగింది. అరలు సర్దుతున్న పనివాడు వెనక్కి తిరిగి చూశాడు. తనూజ సిగ్గుతో గబగబా మౌస్ అందుకుంది.

"దీనికి ఏం కాలేదక్కా. మంచిగ మాట్లాడుతుంది" అన్నాడు జితేందర్. "మీరు టీచరా?"

"కాదు" అంది తనూజ. తర్వాత ఎందుకో "ఇంకా కాలేదు" అని సరిదిద్దుకుంది.

"మీ ఇంట్ల కరెంటే సరిగ లేదేమో. ప్లగ్గు మార్చి చూడుండ్రి."

మధ్యాహ్నం ఇంటికొచ్చి తగిలిస్తే శబ్దం శుభ్రంగా వచ్చింది. తనూజ తేలిగ్గా ఊపిరి తీసుకుని, అన్నం తిని, కాసేపు నడుం వాల్చింది. సాయంత్రం ఆరింటికి కత్తిరింపు పని మొదలుపెడదామని కూర్చుంటే మళ్లీ మూగ. ప్లగ్గు మార్చింది. గది మార్చింది. ఏం లాభం లేదు.

తనూజ చదివింది సైన్సు. ఏడుపు వచ్చేంత విసుగు పుట్టినా, ఏడ్చే బదులు పెన్ను తీసుకుంది. మర్నాడు గోడకున్న క్యాలెండర్ మీద, గురువారం గడి పక్కన, గంటగంటకూ గుర్తు పెట్టింది. ఏడింటికి లేదు. తొమ్మిదింటికి లేదు. పదిన్నరకు ఉంది. ఒంటిగంటకు ఉంది. నాలుగింటికి ఉంది. ఆరింటికి లేదు. కరెంటు ఎక్కువ తక్కువలవుతున్నదేమోనని ఫ్యాను వేగం చూసింది, బల్బు చూసింది. అవి రోజంతా ఒకేలా ఉన్నాయి. పగలు శబ్దం ఉన్నప్పుడే పని కానిద్దామంటే వంట, బట్టలు, ఆవకాయకు తెచ్చిన కాయలు కడగడం, ఒకటి తర్వాత ఒకటి వచ్చి పడ్డాయి. రేపు పగలు చూసుకోవచ్చులే అనుకుంది.

కానీ శుక్రవారం పొద్దున్నుంచి ఒక్కసారి కూడా పలకలేదు. పన్నెండైంది. గడువుకు ఒక్కరోజే మిగిలింది.

వంటింట్లో అత్త అహల్య మామిడికాయ ముక్కలు బట్టతో తుడుస్తోంది. తనూజ వచ్చి పక్కన కూర్చుని తానూ ఒక ముక్క అందుకుంది.

"ఏందే, పొద్దటి సంది గా డబ్బతోని కుస్తీ పడుతున్నవ్?" అంది అహల్య.

"సప్పుడొస్తలేదు అత్తమ్మా. నిన్న పగటీలి మంచిగొచ్చింది. ఇయ్యాల మొత్తానికే లేదు."

"నిన్న పగటీలి మీ మామ వడ్లు కొనే కేంద్రం కాడ ఉండె. వడ్లు కాంటా అయినయ్, ఇయ్యాల ఇంట్లనే ఉన్నడు. ఆయనుంటె గది సుత భయపడి నోరు మూసుకున్నదేమో!" అహల్య తన మాటకు తానే నవ్వుకుంది. "నాకు సుత గట్లనే ఉన్నది. నాలుగు దినాల సంది మెల్లగ తిట్టినా ఇంటుండు. పొద్దుగాల నా అంతల నేను గొణుక్కుంటుంటె, ఆ రూమ్‌లకెళ్లి జవాబిచ్చిండు."

తనూజ చేతిలో ముక్క అలాగే ఉండిపోయింది. లేచి క్యాలెండర్ దగ్గరికి నడిచింది. ఈ వారం రోజూ పదింటికి మామ వడ్ల కొనుగోలు కేంద్రానికి వెళ్లేవాడు. అయిదు దాటాక వచ్చేవాడు. ఆయన వెళ్లిన వేళకు శబ్దం వచ్చింది, తిరిగొచ్చిన వేళకు పోయింది. బుధవారం తాను జనగామ నుంచి వచ్చేసరికి కూడా ఆయన ఇంట్లో లేడు.

ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. తెర అడుగున స్పీకర్ బొమ్మను నొక్కితే వాల్యూమ్ గీత వచ్చింది. ఆ గీత పక్కన ఒక చిన్న బాణం గుర్తు ఉంది. ఈ మూడు రోజుల్లో గీతను వందసార్లు జరిపింది కానీ ఆ బాణాన్ని ఒక్కసారీ నొక్కలేదు. ఇప్పుడు నొక్కింది. కిందికి రెండు పేర్లు దిగాయి. మొదటిది స్పీకర్లు. రెండోది అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి పేరు, చివర్లో చెవి మిషిన్ అని ఇంగ్లీషులో ఉంది. ఎంపిక గుర్తు ఉన్నది ఆ రెండోదాని పక్కనే. కంప్యూటర్ తన శబ్దాన్నంతా అటు పంపుతోంది.

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. మిషిన్లు తెచ్చిన ఆదివారం రాజీవ్ తండ్రిని ఈ కుర్చీలోనే కూర్చోబెట్టి, వార్తలు పెట్టి, "చూడు బాపూ, బ్లూటూత్ కలిపిన. నీ చెవులల్లనే ఇనవడ్తది, ఎవ్వలకు తక్లీఫ్ ఉండది" అన్నాడు. మిషిన్లు బీరువాలోకి వెళ్లాక ఆ సంగతి అందరూ మరిచిపోయారు. ఇప్పుడు మామ వాటిని ఎవరికీ చెప్పకుండా మళ్లీ పెట్టుకుంటున్నాడన్నమాట. ఆయన ఇంటి దరిదాపుల్లోకి రాగానే అవి కంప్యూటర్‌తో వాటంతటవే కలిసిపోతున్నాయి.

స్పీకర్ల పేరు మీద ఒక్క నొక్కు నొక్కితే అయిపోయేది. తనూజ చెయ్యి మౌస్ మీదికి వెళ్లి ఆగింది. మూడు రోజులుగా తాను శబ్దం లేదనుకుంటూ ఆ ఏడు వీడియోలనూ ఎన్నిసార్లు తిప్పితిప్పి పెట్టిందో! అవన్నీ మామ చెవుల్లోనే పడి ఉండాలి. ఒక వీడియోను మొదటినుంచి పెట్టి, పేరు మార్చకుండానే వాకిట్లోకి నడిచింది.

చంద్రమౌళి రేకుల పందిరి నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తలకు తువ్వాల చుట్టుకుని ఉంది, చెవులు కనబడకుండా. కళ్లు మూసుకున్నాడు. తనూజ ఆయన వెనక నిలబడింది. ఆ పాఠం ఆమెకు కంఠతా వచ్చు. ఆకులు, వేర్లు అయ్యాక ఒక ప్రశ్న వస్తుంది: వంకాయ మొక్క ఆకులు మిట్టమధ్యాహ్నం వాలిపోతాయి, సాయంత్రానికి మళ్లీ లేస్తాయి, నేల తడిగానే ఉన్నా మధ్యాహ్నం ఎందుకు వాలినట్టు? ఆ ప్రశ్న వేసి, పిల్లలు ఆలోచించుకోవడానికని వీడియోలో తాను కొంచెం ఆగుతుంది.

ఆ వేళకు ముసలాయన పెదవులు కదిలాయి. "తాగేదానికంటె ఎక్కువ ఆవిరైపోతది, గందుకు" అన్నాడు ఖాళీ వాకిలితో.

తనూజకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఎప్పుడూ ఆయనను పిలిచేంత గట్టిగా కాకుండా, చాలా మెల్లగా "మామా" అంది.

"ఆఁ" అన్నాడు ఆయన కళ్లు తెరవకుండానే. మరుక్షణం ఉలిక్కిపడి కూర్చున్నాడు. చెయ్యి తువ్వాల మీదికి పోయింది.

తనూజ వచ్చి ఎదురుగా గడప మెట్టు మీద కూర్చుంది. "ఎన్నడు తీసిండ్రు బీరువలకెళ్లి?"

దాచి లాభం లేదని ఆయనకు అర్థమైంది. "సోమవారం" అన్నాడు. "కేంద్రం కాడ నా నంబర్ మూడుసార్లు పిలిచిండ్రట. నాకు ఇనవడలే. నా ఎనకాయన ముందటికి పోయిండు. నేను పోయి లొల్లి పెట్టిన. పిలిచినం గద అన్నరు. అందరు నా దిక్కే చూసిండ్రు. తప్పు నాదేనని సమజైనంక నాకు తలకాయ ఎత్తబుద్ధి కాలే." తువ్వాల చెవుల మీదికి లాక్కుని, "మీ అత్తకు చెప్పకు. పెట్టుకోనని ఒట్టేసిన" అన్నాడు.

"చెప్పను. కని ఆమెకు సగం ఎరుకైనట్టే ఉన్నది."

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నేనొకటి అడుగుత, నవ్వొద్దు. మంగళవారం సంది నా చెవులల్ల నువ్వు మాట్లాడుతున్నవ్ బిడ్డా. నువ్వేమో లోపల సప్పుడు లేకుంట కూసుంటవ్. నా చెవులల్ల నీ గొంతు ఆకుల ముచ్చట చెప్తుంటది. మొదలు భయమైంది. మతి తప్పుతుందేమో, దవాఖానకు పోవాల్నేమో అనుకున్న. ఎవ్వలకని చెప్పాలె?"

"మీ మతికేం కాలేదు మామా. మీ చెవి మిషిన్లు కంప్యూటర్‌తోని కలిసి ఉన్నయ్. స్పీకర్ల నుంచి రావాల్సిన సప్పుడు మీ చెవులల్లకు వస్తుంది. నేను మూడు దినాల సంది గదే దేవులాడుతున్న."

"గంతేనా!" అన్నాడు చంద్రమౌళి. ముఖం ఒక్కసారిగా తేటపడింది. తువ్వాల విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. చెవుల వెనక బూడిద రంగు మిషిన్లు బయటపడ్డాయి. వాటిని సర్దుకుంటూ అడిగాడు, "ఎవ్వలకు చెప్తున్నవ్ గా పాఠం?"

ఇక దాచదలుచుకోలేదు తనూజ. బడి సంగతి, గడువు సంగతి అంతా చెప్పింది. "మిమ్ముల అడగకుంట పంపుదామనుకున్న. తప్పే. కని పోయినేడు అడిగితె మీరు వద్దన్నరు."

"నేనా? ఎప్పుడు?"

"చింతపండు గింజలు తీసేటప్పుడు. బడికి పోవాల్నా మామా అని అడిగిన. వద్దు, ఇప్పుడొద్దు అన్నరు."

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ఆ రోజును వెతుక్కుంటున్నట్టు కాసేపు నేలవైపు చూశాడు. వెతుక్కోగా దొరికినట్టుంది, ముఖం పాలిపోయింది.

"పోవాల్నా అన్నవా?" అన్నాడు. "చాయ్ పొయ్యాల్నా అన్నవనుకున్న."

పక్కింటి వాకిట్లో ఎవరో బకెట్ దించిన చప్పుడైంది. ఆయన తల అటు తిరిగింది. ఆ చిన్న చప్పుడు ఆయనకు వినబడిందని తనూజ గమనించింది.

"ఇనవడకపోతె ఏందని మళ్ల అడుగుటానికి నామోషైతది బిడ్డా" అన్నాడు చివరికి. "వాళ్ల మొకం చూసి సరె అంట, లేకుంటె వద్దంట. ఏదో ఒకటి. గా ఒక్కమాటకు నువ్వు ఏడాది ఆగినవా? ఇంకెన్నింటికి గిట్ల తలకాయ ఊపిన్నో."

తనూజ కళ్లు తుడుచుకుంది. ఏడాదంతా ఆయన మీద పెంచుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తనదీ కొంత తప్పుందనిపించింది. రెండోసారి అడగాల్సింది, గట్టిగా అడగాల్సింది. "అయితె ఇప్పుడు అడుగుతున్న. పోవాల్నా మామా?"

"పో" అన్నాడు ఆయన వెంటనే. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుని, "ఏది పంపుతున్నవ్? ఏడుసార్లు చెప్పినవ్ గద. అన్ని ఒక తీరుగ లేవు" అన్నాడు.

"మీరు అన్ని ఇన్నరా?"

"ఇనక ఏం చేస్త, చెవులల్ల పడుతుంటె! ఐదోది పంపు."

ఐదోదా? అది పాడైందని ఆమె పక్కన పెట్టింది. సగంలో చాక్‌పీసు విరిగింది. విసుగులో పుస్తకం భాష మరిచిపోయి, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడేసింది.

"గదే" అన్నాడు చంద్రమౌళి. "మిగిలినవాట్ల సినిమాలోళ్లు మాట్లాడినట్టు మాట్లాడినవ్. అది నువ్వు కాదు. ఐదోదాంట్ల నడుమకెళ్లి మనలెక్క మాట్లాడినవ్. ఆడికెళ్లి నాకు మొత్తం సమజైంది. పల్లెటూరి పిల్లలకు చెప్పేదుంటె గట్లనే చెప్పాలె."

ఇద్దరూ లోపలికి వెళ్లారు. ఆయన చూస్తుండగా తనూజ బాణం గుర్తు నొక్కి, రెండు పేర్లూ చూపించి, పైనున్న స్పీకర్లను ఎంచుకుంది. మరుక్షణం ఆమె గొంతు గదంతా నిండింది. పసుపు అంటిన చేతులతో అహల్య పరుగున వచ్చి గుమ్మంలో నిలబడింది. కోడలిని చూసి, తెరను చూసి, ఆ తర్వాత భర్త చెవులను చూసింది. నవ్వాపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముగ్గురూ కలిసి ఐదో వీడియో మొదటినుంచి చివరిదాకా చూశారు.

"గింత మంచిగ చెప్తవానే నువ్వు?" అంది అహల్య అయిపోయాక. ఆ వెంటనే లెక్కల్లోకి దిగింది. పొద్దున బస్సు ఎన్నింటికి, రుచితకు జడలెవరు వెయ్యాలి, కూర తాను వండితే అన్నం ఎవరు దించాలి. తనూజ ఒక్కొక్కదానికి జవాబు చెప్తూనే మొదలూ చివరా కత్తిరించింది. సాయంత్రం ఆరు లోపలే వీడియో వెళ్లిపోయింది. సంగతి విని రాజీవ్ ఫోన్లో తల కొట్టుకున్నాడు. "నేనే కలిపిన, నేనే మర్చిపోయిన. ఉత్తగనే నిన్ను జనగామ దాక తిప్పిన" అన్నాడు.

పన్నెండు రోజులకు బడి నుంచి పిలుపొచ్చింది. వెళ్తే ప్రిన్సిపాల్ ఎదుట మరో పాఠం చెప్పించారు. మొదటి రెండు నిమిషాలు తనూజ తడబడింది. ఒక పెద్దావిడ అడిగిన ప్రశ్నల్లో రెండింటికి తెలియదనే చెప్పాల్సి వచ్చింది. ఉద్యోగం పోయిందనుకునే ఇంటికొచ్చింది. మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేసి ఎనిమిది, తొమ్మిది తరగతులకు తీసుకుంటున్నామని, తెలియనిదాన్ని తెలియదని చెప్పడం నచ్చిందని అన్నారు.

జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజు. వాన పడేలా ఉంది. నర్మెట్టలో బస్సెక్కి తనూజ కిటికీ పక్కన కూర్చుంది. సంచిలో అన్నం డబ్బా, రెండు పుస్తకాలు, కొత్త చాక్‌పీసుల పెట్టె ఉన్నాయి. బస్సు ఊరు దాటుతుండగా ఫోన్ మోగింది. తెర మీద చంద్రమౌళి పేరు చూసి ఆమె కంగారుపడింది. ఈ పదకొండేళ్లలో మామ తనకు ఎన్నడూ ఫోన్ చేసి ఎరుగడు. ఫోన్లో మాట అందదని ఆయన దాని జోలికే పోయేవాడు కాదు. ఇంట్లో ఎవరికేమైందోనని గబుక్కున ఎత్తింది.

"ఏమైంది మామా?"

"ఏం కాలే. మిషిన్లను ఫోన్‌కు సుత కలపొచ్చని రాజీవ్ చెప్పిండు. కలుస్తదా లేదా చూస్తున్న." ఆ వెంటనే అడిగాడు, "బస్సు దొరికిందా?"

"దొరికింది. సీటు సుత దొరికింది."

"ఇయ్యాల ఏం చెప్తవ్ పిల్లలకు?"

బస్సు రొదలో తన మాట అందుతుందో లేదోనని తనూజ మొదట గొంతు పెంచబోయింది. తర్వాత అక్కర్లేదని గుర్తొచ్చి, కిటికీ వైపు తిరిగి, మామూలుగానే చెప్పడం మొదలుపెట్టింది.